పేరు కింద జాగ

జానిమియా నిచ్చెన మీదికెల్లే అడిగిండు,
"పేరయింది మేడం, కింద ఏం రాయాలె?"
గడియారం సెంటర్ల పొద్దటి బస్సులు హారన్లు కొడుతున్నయి.
కుంచె కొసకు ఎర్ర రంగు బొట్టై వేలాడుతున్నది.
నా దగ్గర జవాబు లేదు.

ఇంటీరియర్ డిజైనర్ అంటే చాన అక్షరాలంటడు,
రేకు సరిపోదంటడు.
"డెకరేటర్ అని పెడుదునా, అందరికి సమజయితది."
పోయిన మాఘమాసంల సమజయింది.
బోర్డు లేకముందే నలుగురొచ్చిన్రు
పెండ్లి స్టేజికి బంతిపూలెంత, జరీ పరదాలెంత అని.
పూలు కట్టేటోళ్లు నాకంటె తక్కువేం గాదు.
తెల్లారేసరికి వాడిపోయేదాన్ని
అంత శ్రద్ధగ కట్టుడు నాకు రాదు, అంతే.

మున్సిపాలిటీ ఫారంల
ఆర్కిటెక్టుకొక గడి, ఇంజనీరుకొక గడి,
కరెంటు పనాయనకు సుత లైసెన్సు నంబరు గడి.
నా వంతుకు అట్టడుగున "ఇతరములు".
గుమస్తా నర్సిరెడ్డి సారు అద్దాల మీదికెల్లి చూసి
"ఫ్యాన్సీ స్టోర్ కింద రాసుకో అమ్మా, జల్దీ అయితది" అన్నడు.
నాలుగేండ్ల చదువు
గాజులు, రిబ్బన్ల పక్కన పోయి కూసున్నది.

హైదరాబాద్ ఆర్కిటెక్టు ఒకాయన
రామగిరిల ఇంటి నక్ష మీద సంతకం పెట్టిండు,
ఆ ఇంటి గడప తొక్కలే.
హాలు పెద్దగ కావాలని ఓనరు నడిమి గోడ తీస్తనంటే
నేను అడ్డం నిలవడ్డ.
మీదున్న నీళ్ల ట్యాంకు బరువంత
ఆ గోడ మీదనే దిగుతున్నదని
చాక్‌పీసుతోని గీసి చూపిచ్చిన.
"మీరు పరదాల సంగతి జూడున్రి మేడం."
మేస్త్రీ నా మొఖం జూసి సుత్తె దించిండు.
గోడ ఉన్నది.
నాకు రావాల్సిన పైసలు రాలే.

అట్లని నా తీరు బోర్డులన్నీ మంచియని చెప్ప.
మూడు నెలల కోర్సు చేసినోడు,
ఫోన్ల నాలుగు బొమ్మలు దాచుకున్నోడు,
అందరం ఒకటే పేరు కింద నిలబడ్డం.
మిర్యాలగూడల ఒక బట్టల దుకాణంల
సీలింగు ఊడిపడి పనిపిల్లగాని భుజం విరిగింది.
చేసినోడు ఫోను బందు పెట్టిండు.
ఎక్కడ అడగాలె? ఏ రిజిస్టరుల వాని పేరున్నది?
ఆ రాత్రి నా పాత సీలింగుల లెక్కలు తీసి చూసుకున్న.
ఒకదానికి హుక్కులు తక్కువున్నయి.
తెల్లారంగనే పోయి ఆరు హుక్కులు కొట్టిచ్చిన,
దుమ్ము దులిపేటందుకు వచ్చినమని చెప్పి.
నంబరు నేనడిగేది
ఫ్రేము కట్టిచ్చి దండేసుకునేటందుకు గాదు,
తప్పు జేసిన్నాడు నన్ను ఎతుక్కుంట వచ్చేటోళ్లకు
ఒక తొవ్వ ఉండాలని.

మర్రిగూడ దిక్కు అండాలమ్మ ఇల్లు.
నీళ్లే బొక్కల్ని వంచిన ఊర్లు అవి.
ఆమె నడుము సగం కాడ్నే ఆగిపోయింది.
కొత్తిల్లు, నల్ల గ్రానైటు, వంటగట్టు
పుస్తకంల ఉన్నట్టే ముప్పై నాలుగు ఇంచులు.
ఆమె దాని కింద నిలబడి
మెడ నిక్కిచ్చి గంజుల దిక్కు చూస్తది,
పాలు పొంగి మీద పడేదాకా తెల్వదు.

టేపు తీసి ఆమెను కొలిచిన.
మోచేయి నుంచి నేలకు.
కూసుంటె ఎంత, కట్టె పట్టుకుంటె ఎంత.
నొప్పి ఉన్నరోజు ఒక లెక్క, లేనిరోజు ఇంకో లెక్క.
కమలాకరాచారి చెవి మీది పెన్సిలు తీసి
"ఇరవై నాలుగున్నరా?
ముప్పై ఏండ్లల్ల గీ కొలత కొట్టలే" అన్నడు.
కొట్టిండు.
రాయి కోసే మిషను దుమ్ముకు
ఇంట్ల కోళ్లు సుత తెల్లగైనయి.

నిన్న అండాలమ్మ ఫోను జేసింది.
చాయ పొంగకముందే దించిందట.
"చూసిపోను వచ్చినోళ్లు అడుగుతున్నరు బిడ్డా,
గిది ఎవరు జేసిన్రని.
మేస్త్రీ గాదంటి, వడ్లాయన గాదంటి.
మరి నిన్ను ఏమని చెప్పాలె?"

జానిమియా కుంచె కిరోసిన్‌ల ముంచి కడిగిండు.
"పొద్దెక్కింది మేడం, రేపొస్త.
అక్షరాలు ఆలోచించి పెట్టున్రి."
పేరు కింద జానెడు తెల్ల రేకు.
అలవాటు పోక
టేపు పెట్టి కొలుచుకున్న.